నిజమే తండ్రీ

పడవ కనిపిస్తూనే ఉంది. లారెన్స్ కంగాణీకి ఒళ్లు మండుతున్నది అందుకే. కనిపించకపోతే ఏ గొడవా లేదు, అయ్యగారు తెలుక్ ఆన్సన్‌లో ఇంకా బయల్దేరలేదేమో అనుకుని పోయి కొబ్బరి చెట్ల నీడన కూర్చునేవాడు. ఇది అలా కాదే! అదిగో, నది మధ్యలో, ఆకుల కప్పు కింద పాదిరి విలియం అయ్యగారి తెల్ల అంగీ తెలుస్తోంది, ఆయన చేతిలో విసనకర్ర ఆడటం కూడా తెలుస్తోంది, పడవ మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. పోటు రావాలి. పోటు వస్తే గానీ రేవు దాకా నీళ్లు రావు, నీళ్లు వస్తే గానీ పడవ రాదు, పడవ వస్తే గానీ గుడిలో ఆరాధన మొదలవదు. రేవు బల్లల కింద అంతా నల్లటి బురద, ఆ బురదలో గెంతే చేపలు, కుళ్లిన పీచు కంపు. ఇందాక పడవవాడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి ‘ఆయెర్ బెలుమ్ నాయిక్, లా!’ అని అరిచాడు. నీళ్లింకా ఎక్కలేదట! అది తనకి కళ్లకి కనిపించడం లేదా, వాడు చెప్పాలా? పొద్దుటి పోటుకే రండి అయ్యగారూ అని కబురు పంపితే ఆయన తీరుబడిగా కాఫీ తాగి బయల్దేరి ఉంటారు. సముద్రం ఆయన కోసం ఆగుతుందనుకున్నారు కాబోలు. ఖర్మ! అనుకున్నాడు లారెన్స్, వెంటనే నాలుక కరుచుకున్నాడు. అది క్రైస్తవులు అనే మాట కాదు. మరి ఇలాంటప్పుడు క్రైస్తవులు అనడానికి ఏ మాట ఉందో, అదీ ఆ అయ్యగారినే అడగాలి.

కాలికి బూట్లు కరుస్తున్నాయి. కోటు లోపల చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వెనక, తోట మధ్య రేకుల గుడి నుంచి పాట వినిపిస్తోంది. మట్టల ఆదివారం కదా, అందరూ లేత కొబ్బరి మట్టలు పట్టుకుని కూర్చున్నారు, పాట పట్టే మోసెస్ ఏంచేయాలో తోచక వచ్చిన ఒక్క పాటనే తిప్పి తిప్పి పాడుతున్నాడు. మొదటి చరణంలోనే గొంతు జారుతుంది వాడికి, ప్రతిసారీ అక్కడే జారుతుంది. చెప్పాడు లారెన్స్, ఎన్నిసార్లో చెప్పాడు, కిందనుంచి ఎత్తుకోరా నాయనా అని. ఎవడు వింటాడు? కూలీలకి మేస్త్రీ, కంగాణీ అయినా ఈ తోటలో తన మాట వినేవాళ్లు పొద్దుటి హాజరు దగ్గర మాత్రమే వింటారు. గుడిలో సంఘ పెద్ద అని పేరేగానీ, బెంచీ తుడవమంటే తుడిచేవాడు లేడు. అయినా ఇవాళ ఒక్క విషయంలో మాత్రం తన మాటే మాట. అయ్యగారు పడవ దిగుతూనే అడుగుతారు, బాప్తిస్మం కోరిన మనిషి ఎవరు, సంఘ పెద్దగా మీ సాక్ష్యం ఏమిటి అని. అది పద్ధతి. పెద్ద ‘సరే’ అంటే మధ్యాహ్నం కాలవలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు బాప్తిస్మం. పెద్ద ‘ఇంకా కాదు’ అంటే ఇంకా కాదు, అంతే, మళ్లీ క్రిస్మస్‌కి అయ్యగారు వచ్చేదాకా. పోలమ్మకి ‘ఇంకా కాదు’. నిర్ణయం అయిపోయింది. క్రిస్మస్ దాకా ఆ ముసలిది ఉంటుందో ఉండదో అని భార్య పౌలిన్ రాత్రి అన్నం పెడుతూ గొణిగింది. మూడు పూటలు తిని, ఎండుకొబ్బరి కొట్లో కూర్చుని చిప్పల్లో కొబ్బరి తీసే మనిషికి ఏం రోగం? ఆ దగ్గు ఒకటి ఉందిలే. ఉంటే ఉంది. దగ్గు ఉన్న ప్రతివాళ్లకీ బాప్తిస్మం ఇచ్చేస్తారా?

ఇంతకీ ఆవిడ చేసిన తప్పేమిటి అని అయ్యగారు అడుగుతారు. అడగనీ. చెప్తాడు. ‘ఆమెన్ అందండీ’ అని చెప్తాడు. ఛ, అలా చెప్తే ఏం బాగుంటుంది! ఆమెన్ అనడం తప్పా అంటారాయన. మొదటినుంచీ చెప్పాలి. శనివారం సాయంత్రాల ప్రార్థన కూడికలో అందరూ మోకాళ్ల మీద ఉంటారు, ఒకరు బయటికి ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్లు ‘ఔను తండ్రీ’, ‘స్తోత్రం తండ్రీ’ అని మెల్లిగా అందుకుంటారు, చివర ఆమెన్ అంటారు. ఆఖరి ప్రార్థన ఎప్పుడూ లారెన్స్‌దే. మిషన్ బళ్లో చిన్నప్పుడు నేర్చుకున్న పుస్తకాల తెలుగులో, గొంతు కాస్త వణికించి, ‘ప్రభువా, ఈ తోటయందలి పాపులందరిలోను నేనే ప్రథముడను, నా హృదయము పాషాణము, నేను నీ ద్వారమునొద్ద ధూళిని, ఎవరును త్రొక్కుటకు సైతము తగని ధూళిని’ అంటాడు. ఎంత బాగా వస్తుందో ఆ ప్రార్థన! ‘ధూళిని’ అన్నచోట ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటారు. తోట ఆఫీసులో లెక్కలు రాసే కిరాణీ ఒకసారి దారిలో ఆపి, మీ అంత పెద్దమనిషికి అంత తగ్గింపు ఎలా వచ్చిందండీ అని అడిగాడు కూడా. అలాంటి ప్రార్థన. కిందటి వారం శనివారం కూడా అలాగే అన్నాడు. వాన రేకుల మీద పడుతోంది, గాలికి దీపం ఊగుతోంది, తను ధూళి దగ్గరికి వచ్చి ఆగాడు, ఆగితే బాగుంటుంది అక్కడ. సరిగ్గా ఆ ఆగినప్పుడే గుమ్మం దగ్గర నుంచి, ఇంకా బాప్తిస్మమైనా లేని, కొత్తగా రావడం మొదలుపెట్టిన పోలమ్మ గొంతు, పొలం గట్టు మీద నుంచి మనిషిని పిలిచినట్టు పిలిచింది దేవుణ్ణి: ‘నిజమే తండ్రీ! ఈ బాబు సెప్పింది నిజమే. గుండె రాయి. జొరమని సెప్పినా ఇనకుండా నన్ను వానలో నిలబెట్టినాడు. గర్వం సాలా ఉన్నాది తండ్రీ. నువ్వే సూడాల, ఇంకెవులి వల్లా అవదు. ఆమెన్.’

ఆమెన్! ఎవడు అనమన్నాడు? అనే చోటా అది? ఆ మాటలు తను అనుకోవడానికి గానీ వేరేవాళ్లు అనడానికా? ఎంత చెప్పినా ఆ ముసలిదానికి అర్థం కాదు. పైగా అక్కడితో ఆపిందా? ఆ మర్నాటి నుంచీ కొబ్బరి కొట్లో చిప్ప చిప్పకీ ‘కంగాణీ బాబు గుండె మెత్తన సెయ్యి తండ్రీ’ అని పైకే అంటోందట. పక్కన కూర్చున్న ఆడవాళ్లు పని చేస్తున్నారో నవ్వుతున్నారో తెలియదు. తోటంతా పాకింది. కల్లు దుకాణం ముందు దాసు, పొద్దున్న లేచి దేవుడి మొహం చూడనివాడు, మంచిగా లేచి నిలబడి దండం పెట్టి, ‘ఏటి కంగాణీ, పాపం కాస్త తగ్గినాదా?’ అని అడిగాడు. దాసు! రేపు పొద్దున్న వాణ్ణి కాలవ తవ్వడానికి వేస్తే తెలుస్తుంది తగ్గిందో లేదో. వెయ్యాలి. వేస్తే మళ్లీ పోలమ్మ ‘సూసినావా తండ్రీ, రాయి’ అంటుంది. అబ్బబ్బ, ఎటు తిరిగినా ఆ మనిషే! పోనీ అయ్యగారికి ఇంకో విధంగా చెప్తే? ఈమెకి ప్రార్థన మర్యాద తెలియదండి. ఏం చేసింది? నన్ను అందరిలో అవమానించిందండి. ఏమంది? పాపినంది. ఎవరు చెప్పారామెకి మీరు పాపి అని? నేనేనండి. ఇదీ వరస. వారం రోజులుగా లారెన్స్ ఎన్ని రకాలుగా తిప్పి చూసినా ఫిర్యాదు చివరికి వచ్చి ఈ ‘నేనేనండి’ దగ్గర బురదలో పడవలా కూరుకుపోతోంది.

గర్వమట. ఏం తెలుసని గర్వం అంటుంది? లారెన్స్ కాళ్ల వంక చూసుకున్నాడు. బూట్లు. నల్లవి, పెనాంగ్ నుంచి తెప్పించుకున్నవి. గుడి గుమ్మం బయట అందరూ చెప్పులు విడుస్తారు, తను విడవడు. దొర విడుస్తాడా? భీమిలి పక్కన ఆ ఊళ్లో, మునసబు గారి వీధిలో తన తండ్రి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు, పైపంచె తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని. వీధి దాటాక కూడా కొంత దూరం అలాగే నడిచేవాడు, అలవాటైపోయి. మిషన్ బడిలో పిల్లవాడిగా మొదటిసారి బల్ల మీద కూర్చున్నప్పుడు లారెన్స్‌కి కాళ్లు నేలకి ఆనలేదు, అలా ఊగుతూ ఉంటే ఎంత సంతోషం వేసిందో! ఆ రోజే అనుకున్నాడు ఇంక ఎవరి ముందూ వంగకూడదని. ఓడ ఎక్కాడు, ఓడలో వాంతులు, పెనాంగ్ దగ్గర దీవిలో ఒంటికి మందునీళ్లు చల్లి పశువుల్లా నిలబెట్టారు, అప్పుడూ నడుం నిటారుగానే పెట్టుకున్నాడు. కొబ్బరి దింపాడు, కాలవలు తవ్వాడు, దొర భాష నాలుగు ముక్కలు పట్టాడు, కంగాణీ అయ్యాడు. తల వంచడం ఎలాగో తనకి ఒకరు నేర్పాలా? పుట్టుకతోనే వంచి పంపారు కదా! ఆ వంగిన మెడని నిలబెట్టుకోవడానికి సగం బతుకు పట్టింది. ఇప్పుడు దేవుడొచ్చి మళ్లీ వంచమంటే… వంచమనలేదు అని విలియం అయ్యగారు ఒకసారి ప్రసంగంలో అన్నారు కదూ, భయానికి వంగడం వేరు, తగ్గించుకోవడం వేరని. ఏమో, ఆయన బాగానే చెప్తారు, ఆయన చేత చెప్పులెవరు మోయించారు గనక? పోలమ్మని వానలో నిలబెట్టినమాట నిజమే. పొద్దుటి హాజరుకి ఆలస్యంగా వచ్చింది, నిలబడమన్నాడు, ఆవిడ కొంగు తలమీద కప్పుకుని తల వంచుకుని నిలబడింది. తన తండ్రి నిలబడినట్టే. అబ్బ, ఈ ఆలోచన ఇప్పుడెందుకు వచ్చింది? ఈ పోటు రాదా, ఈ పడవ కదలదా, ఈ మోసెస్ నోరు మూయడా!

బల్లలు కిర్రుమన్నాయి. తిరిగి చూస్తే ఆవిడే. ఉతికిన తెల్ల కోక కట్టుకుంది, జుట్టుకి కొబ్బరి నూనె పట్టించి గట్టిగా ముడి వేసుకుంది, చేతిలో ఒక లేత మట్ట. అందరితో గుడిలో కూర్చోలేక వచ్చేసిందన్నమాట, ఆత్రం. వచ్చి, ఇంత రేవు ఉండగా సరిగ్గా లారెన్స్ పక్కనే చతికిలబడి, దగ్గు తగ్గేదాకా గుండె పట్టుకుని కూర్చుంది.

‘అయ్యగోరు వచ్చినారా బాబూ?’

‘కనబడ్డం నేదేటి? అదిగో.’

ఆవిడ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది, చూసి తృప్తిగా తలూపింది. తర్వాత గొంతు తగ్గించి, రోగిని పలకరించినట్టు అడిగింది.

‘తగ్గినాదేటి బాబూ?’

‘ఏటి తగ్గీది?’

‘అదే. నీ పాపం.’

లారెన్స్‌కి నెత్తురు మొహంలోకి పొంగింది. ‘నోర్మూసుకుని కూకో పోలమ్మా. నా సంగతి నిన్నెవులు అడగమన్నారు?’

‘నువ్వే గదా బాబూ. అందరి ముందరా సెప్పినావు, నీ అంత పాపి ఈ తోటలో నేడని. అంత బరువు నీకున్నాదని తెలిసినాక నాకు నిద్దర పట్టీది కాదు. సిప్పలు తీసినప్పుడల్లా అడగతన్నాను. సేతికి పనిగానీ నోటికి పని నేదు గదా.’

ఎగతాళి కాదు. అదే వచ్చిన చిక్కు. దాసు లాగా ఎగతాళి చేస్తే రెండు తగిలించి ఊరుకునేవాడు. ఈ మనిషి నిజంగా అంటోంది, మొహం చూస్తే తెలుస్తోంది, ఎవరికో జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నదానిలా ఉంది. లారెన్స్ మొహం తిప్పుకుని నది వంక చూశాడు. ఆవిడ ఊరుకోలేదు. మట్టని ఒళ్లో పెట్టుకుని ఆకులు సర్దుతూ తనలో తను చెప్పుకున్నట్టు చెప్పుకుపోయింది. ‘నాను సాలా దేవుళ్లకి మొక్కినాను బాబూ. పెద్దోల్లని సాలామందిని సూసినాను. అక్కడ మునసబు, ఓడలో సారంగు, ఇక్కడ దొర. తప్పు నాదని ఒక్కడు అన్నేదు. ఎప్పుడూ తప్పు మాదే. మొదటి దినం ఊరికే వాన పడతందని మీ గుడి గుమ్మంలోకి వచ్చినాను. నువ్వు మోకాలేసి, పాపి నానే, గుండె రాయి నానే అంతన్నావు. వానలో నిలబెట్టినోడే అంతన్నాడు! ఆ యేళ అనుకున్నాను, ఇంత పెద్దోడి నోట ఆ మాట పలికించినోడెవుడో ఆ దేవుడు నాకు కావాల అని. అందికే అడిగినాను బాప్తిసం. నువ్వు సెప్పకపోతే నానెందుకు వస్తాను?’

ఉత్తిదే పోలమ్మా, అనబోయాడు లారెన్స్. నాలుక చివరిదాకా వచ్చింది. అవి ప్రార్థనలో అనే మాటలు, అందరూ అంటారు, పెళ్లిలో పద్యాలు చదివినట్టు, అంతకు మించి ఏం లేదు అనబోయాడు. ఉత్తిదని చెప్తే ఈ మనిషి ఏం చేస్తుంది? లేచి, కొంగు దులుపుకుని, ఓహో ఇక్కడా ఇంతేనా అని మట్ట బురదలో పడేసి కూలీల ఇళ్ల లైన్లకి వెళ్లిపోతుంది. ఉత్తిది కాదు, నిజమే అంటే మరి ఆవిడ ఆమెన్‌లో తప్పేముంది? ఏం చిక్కు తెచ్చిపెట్టావు ప్రభువా! ఎక్కడా దొరకనట్టు ఈ దగ్గుల ముసలమ్మని తెచ్చి, తన నోటి మాటే తన మెడకి చుట్టావు. ఎన్నేళ్లుగానో ఆ ప్రార్థన చేశాడు, కళ్లు ఒత్తుకున్నవాళ్లున్నారు, మెచ్చుకున్నవాళ్లున్నారు, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. లేక నమ్మారా? ఆ శనివారం పోలమ్మ ఆమెన్ తర్వాత, వానలో, చిన్నగా ఇంకో ఆమెన్ వినిపించింది. విననట్టు నటిస్తున్నాడు అప్పటినుంచీ. ఆడవాళ్ల వైపు నుంచే వచ్చింది. చాప మొదట్లో నుంచి. పౌలిన్ గొంతు తనకి తెలియదా? ఇన్నేళ్లుగా అన్నం చల్లారిందని కంచం తోసేస్తే మాట్లాడకుండా మళ్లీ వేడిచేసి తెచ్చిన గొంతు. నవ్వు ఆపుకుంటోందని సరిపెట్టుకున్నాడు. నవ్వు కాదది. నవ్వయితే ఎంత బాగుండేది!

పోటు వచ్చింది. చెప్పాపెట్టకుండా బల్లల కింద గలగలమంటూ వచ్చేసింది, బురద మునిగింది, చేపలు మాయమయ్యాయి, పడవ కదిలింది. ఇంతసేపూ రావాలి రావాలని ప్రాణం తోడేసిన పడవ ఇప్పుడు ఇంత తొందరగా వస్తోందేమిటి? పడవవాడు తాడు విసిరాడు, లారెన్స్ పట్టుకున్నాడు, తాడుకున్న బురదంతా కోటుకి అంటుకుంది. విలియం అయ్యగారు అంగీ ఎత్తి పట్టుకుని బల్ల మీద కాలు పెట్టారు, ఎండకి ఎర్రబడిన మొహంతో నవ్వుతూ.

‘పాపం, చాలాసేపు నిలబడ్డట్టున్నారు లారెన్స్ గారూ. విసుగు తెప్పించాను.’

‘అబ్బే, లేదండి అయ్యగారూ. తమ కోసం ఎంతసేపైనా…’ అనేశాడు, నోటికి అలవాటైపోయి.

‘బాప్తిస్మం అడిగింది ఈమేనా? సంఘ పెద్దగా మీరేమంటారు? సిద్ధంగా ఉందా?’

పోలమ్మ లేచి నిలబడింది. మట్టని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, తల వంచుకుని. ‘ఈమెకు ప్రార్థన మర్యాద ఇంకను తెలియదండి’ అనే వాక్యం పుస్తకాల తెలుగులో సిద్ధంగా ఉంది లారెన్స్ దగ్గర, వారం రోజులు చిలికి తీసింది. నోరు తెరిచాడు. ఆ వంచిన తల చూస్తుంటే ఆ వాక్యం రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు.

‘ఈ అప్పకి ప్రార్థన సెయ్యడం వచ్చు అయ్యగోరూ,’ అన్నాడు. తన గొంతు తనకే వింతగా, అక్కని అప్ప అని పిలిచే ఊళ్లోదిలా వినిపించింది. ‘మాకందరికన్నా బాగా వచ్చు. ఈ మద్దెన నా కోసం సేస్తంది. బాప్తిసం ఇయ్యండి.’

‘మీ కోసమా? ఏమని?’

నది వంక చూశాడు, బూట్ల వంక చూశాడు. తప్పించుకునే దారి ఎక్కడా కనపడలేదు. ‘నాకు గర్వం అయ్యగోరూ,’ అన్నాడు చికాకుగా, పన్ను నొప్పి గురించి చెప్పినట్టు. ‘సాలా ఉన్నాది. ఈమెని జొరంతో వానలో నిలబెట్టినాను. అది.’

విలియం అయ్యగారి కళ్లు చెమ్మగిల్లాయి. లారెన్స్ భుజం మీద చెయ్యి వేసి, ‘ఎన్నో తోటలు తిరిగాను లారెన్స్ గారూ, ఇంత తగ్గింపు గల పెద్దని ఎక్కడా చూడలేదు’ అన్నారు.

అంతే! ఆ మాట చెవిన పడ్డాక ఒక్క క్షణం పట్టలేదు. లోపల ఎక్కడో బెల్లం పాకం వేడివేడిగా పారినట్టు హాయిగా పారింది. నిజమే కదా, ఎవరంటారు ఇలా, ఎవరికుంది ఇంత ధైర్యం? సుంగై సుమున్ తోటల్లో కూడా అయ్యగారు ఈ మాట చెప్తారు, ప్రసంగంలో పేరు పెట్టి చెప్తారు, కిరాణీ వింటాడు, దాసు వింటాడు… అని నడుం నిటారుగా అవుతోంది, ఛాతీ ముందుకి వస్తోంది, కోటు గుండీ సర్దుకుంటున్నాయి చేతులు, అప్పుడు చూసుకున్నాడు లారెన్స్ ఏం జరుగుతోందో. ఛీ! ఛీ ఛీ! ఇందాకే కదా ఆ గర్వాన్ని పట్టి బయటికి లాగింది, ఇంకా బల్ల దిగలేదు కదా, అప్పుడే దొడ్డిదారిన వచ్చి, తగ్గింపు చొక్కా తొడుక్కుని కూర్చుందా! దీనితో ఎలా వేగడం? అయ్యగారు పడవలో సంచి అందుకోవడానికి అటు తిరిగారు. లారెన్స్ తల వంచాడు. ధూళి, పాషాణం ఏవీ గుర్తు రాలేదు.

‘ప్రభువా,’ అన్నాడు పళ్ల బిగువున, ‘మళ్లా వచ్చీసింది. ఇది పోదేటి?’

వెనక నుంచి దగ్గు వినిపించింది, దగ్గు వెనకే, ఇంతసేపూ అవకాశం కోసం కాచుకుని ఉన్నట్టు, పోలమ్మ గొంతు. ‘నిజమే తండ్రీ. పోనేదు. ఆమెన్.’

లారెన్స్‌కి కోపం రాకపోలేదు. వచ్చింది, చెవుల దాకా వచ్చింది. ఆ కోపంతోనే కిందికి వంగి, కరుస్తున్న బూట్లు రెండూ లాగి పారేసి, ‘ఆమెన్’ అన్నాడు. ‘పద అప్పా, అందరూ కాసుకుని ఉన్నారు.’